అక్క గదికి కాపలా

ఆదివారం

పొద్దున మేడమెట్ల మీద ఎవరో దగ్గారు. ఎవరో ఏమిటి, తీగే. మేడ మీద అద్దెకుండే మా కార్ఖానా కుర్రాడు, పైన ఉండేది అతనొక్కడే. తలుపు సందులోంచి చూశాను. కమ్మీ పట్టుకుని నిలబడి, మోచేతిలో మొహం పెట్టుకుని మరోసారి దగ్గాడు. నేను చూస్తున్నానని పసిగట్టినట్టున్నాడు, గబగబా దిగి వెళ్ళిపోయాడు. ఒంట్లో ఏమీ లేనివాడికి అంత తొందరెందుకు?

ఇక మీదట ఏ రోజు సంగతి ఆ రోజు ఇందులో రాసిపెట్టుకోవాలి. రేపేదైనా జరిగితే ఎవరివల్ల జరిగిందో నాకు తెలియాలి. జరగకూడదు. అక్కకి జరగకూడదు. ఊపిరితిత్తుల డాక్టరు ఫోనులో ఒక్కటే ముక్క చెప్పాడు. "ఆవిడకి గనక ఇది అంటుకుంటే నేను ఏ మాటా ఇవ్వలేనండీ." అది విన్నప్పటినుంచీ నాకు తిండి సయించడం లేదు.

ఇంట్లో రూళ్ళు పెట్టాను. అక్క ముందుగది దాటి రాకూడదు. మా ఆవిడ భోజనం గుమ్మంలో పెట్టి వెనక్కి తప్పుకోవాలి. బయటివాళ్ళెవరూ ఆ గది గడప తొక్కకూడదు. కిటికీలు మూసే ఉండాలి, ఎందుకంటే తీగ ఎక్కి దిగే మెట్లు సరిగ్గా ఆ కిటికీ ముందే ఉన్నాయి.

"కిటికీలు తెరిచి ఉంచమనే కదండీ మైకు బండి వాళ్ళు చెబుతున్నారు?" అంది మా ఆవిడ.

మైకు బండి వాళ్ళకి మా మెట్ల సంగతి తెలుసా? దగ్గు, జ్వరం, ఆయాసం ఉన్నవాళ్ళు స్కూలు బిల్డింగుకి వచ్చి పరీక్ష చేయించుకోండి, చేతులు కడుక్కోండి, దూరం దూరంగా మసలండి. రోజూ ఇదే పాట. నాకు కంఠతా వచ్చేసింది. ఇవాళ బండి సందు మలుపు తిరగగానే వీధి తలుపు కూడా వేసేశాను. కొత్తగా చెప్పేదేముంటుంది?

సోమవారం

సబ్బు కార్ఖానాలో నేలమీద సున్నంతో గీతలు గీశారు. ఎవరి గీతలో వాళ్ళు నిలబడాలి, ముక్కూ నోరూ కప్పుకోవాలి. ఓనరు నన్ను చూసి, "ముక్కుగారికే ముక్కు మూసుకోమని చెప్పాల్సిన రోజులొచ్చాయి," అని నవ్వాడు. ఎప్పుడు పెట్టారో ఆ పేరు, అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు. బానలో ఉడుకుతున్న సబ్బులో సెంటు పోసేటప్పుడు మాత్రం మాస్కు దించక తప్పదు. సెంటు ఎక్కడ ఆపాలో చెప్పేది కొలత గ్లాసు కాదు కదా, నా ముక్కు.

తీగ తన గీతలో నిలబడి, సన్నటి తీగతో సబ్బు దిమ్మల్ని బిళ్ళలుగా కోస్తూ రెండుసార్లు దగ్గాడు. అతని ఒళ్ళూ అలాగే ఉంటుంది, చేతిలో తీగా అదే, పేరు ఊరికే రాలేదు.

"ఏమిటా దగ్గు?" అన్నాను దూరం నుంచే.

"సబ్బు పొడి అన్నా. కోసేటప్పుడు గొంతులోకి పోతుంది. ఎప్పుడూ ఉన్నదేగా."

ఎప్పుడూ ఉన్నదే అయితే నాకు ఎప్పుడూ ఎందుకు వినపడలేదు? తిన్నగా ఓనరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. నాకు ఇంట్లో ఊపిరాడని మనిషి ఉంది, మొహమాటపడితే కుదరదు. ఓనరు అతన్ని స్కూలు బిల్డింగుకి పంపించాడు. తీగ వెళ్తూ నావైపు చూశాడు. కోపంగా కాదు. అదే నాకు నచ్చలేదు.

మంగళవారం

కొత్త గులాబీ సెంటు డబ్బాలో ఏదో మోసం ఉంది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే మంచినీళ్ళ డబ్బా మూత తీసినట్టే ఉంది. మామూలుగా పోసేటంత పోశాను. ఏమీ లేదు. అంతకు అంత పోశాను. అయినా లేదు. చివరికి డబ్బాలో అడుగు కనపడేదాకా పోశాను.

"ఈ సెంటు ఎక్కడ కొన్నారు?" అని ఓనరుని అడిగాను.

"ఎప్పుడూ కొనేచోటే. ఏం?"

"ఏం లేదు, ఊరికే."

ఆ 'ఏం' అనడంలో ఒక రకమైన తడబాటు ఉంది. నాకు తెలియకుండా చవకరకం తెప్పించాడు. లేకపోతే గోదాంలో ఎవరో సెంటు తీసేసి నీళ్ళు పోశారు. గోదాం తాళం తీగ దగ్గర కూడా ఒకటి ఉంటుంది.

ఇంటికొస్తే కాఫీ కూడా అదే తంతు. వేడినీళ్ళలో రంగు కలిపినట్టుంది. పొడి మార్చావా అంటే మా ఆవిడ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. డబ్బా పాతదే. లోపల పొడి ఏదో ఎవరికి తెలుసు?

నడుము లాగుతోంది. రోజంతా బాన దగ్గర నిలబడితే లాగదా మరి.

బుధవారం

తీగకి ఏమీ లేదట. పరీక్షలో లేదని తేలిందట. గేటు బయట నిలబడి ఫోను పైకెత్తి చూపించాడు. అంత దూరం నుంచి ఏం కనపడుతుంది? నేను దగ్గరికి వెళ్ళనని తెలిసే చూపించాడు.

"చూశారుగా అన్నా, సబ్బు పొడే," అన్నాడు. ఆగి, "మీరూ ఒకసారి చేయించుకోకూడదూ? బాన దగ్గర నిన్న బాగా నీరసంగా కనపడ్డారు," అన్నాడు.

ఒంటికాలి మీద లేచాను. నాకు దగ్గుందా? జ్వరముందా? రోజూ థర్మామీటరు పెట్టుకుంటున్నాను, పాదరసం ఉన్నచోటు నుంచి కదలడం లేదు. తన మీద పడ్డ మచ్చని పక్కవాడికి పూయాలని చూస్తున్నాడు. ముక్కులో ఆ పుల్లలు సరిగా పెట్టకపోతే లేదనే వస్తుందని మా సందులో అందరూ చెప్పుకుంటున్నారు.

నేను వెళ్ళేటప్పుడు అతను మెట్లు దిగకూడదని చెప్పాను. సరేనన్నాడు. ఏది చెప్పినా సరే అనేవాణ్ణి అసలు నమ్మకూడదు.

గురువారం

బిళ్ళలకి కాగితాలు చుట్టే ఆడవాళ్ళంతా పని ఆపి వరండాలో కూర్చున్నారు. గులాబీ బిళ్ళల దగ్గర కళ్ళు మండుతున్నాయట, తల పగిలిపోతోందట. ఒకావిడ వాంతి కూడా చేసుకుందట. ఓనరు బిళ్ళని చేత్తో పట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు.

"ఎంత పోశావయ్యా ఇందులో?"

"ఎప్పుడూ పోసేటంతే."

ఆ అబద్ధం ఎందుకు ఆడానో నాకే తెలియదు. కానీ వాళ్ళంతా ఒకేసారి లేచి వెళ్ళి కూర్చోవడంలో ఏదో కుట్ర ఉంది. వాళ్ళకీ తీగకీ మొదటినుంచీ మంచి స్నేహం.

సాయంత్రం అక్కతో పేకాట. అదొక్కటే ఆవిడకి కాలక్షేపం. చెవులు పూర్తిగా పోయినప్పటినుంచీ అక్క నా పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. ముక్క దాచిందా లేదా అని నేను ఆవిడ చేతులు చూస్తూ ఉంటాను, నేనేం గొణుక్కుంటున్నానా అని ఆవిడ నా నోరు చూస్తూ ఉంటుంది. ఇవాళ కూడా రాణిని చీర మడతలో దాచి నన్ను ఓడించింది. మాస్కు పెట్టుకుంటే నా మాట ఆవిడకి తెలియదు, అందుకని ఆ గదిలోకి వెళ్ళగానే తీసేస్తాను. రూళ్ళు బయటివాళ్ళకి. నేను బయటివాణ్ణి కాదుగా.

గులాబీ బిళ్ళ ఒకటి తీసుకెళ్ళి చూపించాను. అక్క వాసన చూసి, గభాల్న విసిరేసి, దగ్గు తెరలో పడిపోయింది.

"ఏమిట్రా ఇది! ప్రాణం తీసేలా ఉంది!"

లేచి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. బిళ్ళ వల్ల కాదు. అక్క దగ్గుతోంది. ఆ కిటికీ రెక్క ఒకటి సరిగా పడదు, ఆ సందులోంచే వచ్చి ఉంటుంది. పాత గుడ్డలు కుక్కాను.

"అక్కా, పైన తీగ ఉన్నాడే, వాడికి అంటుకుంది. బయటికి చెప్పడం లేదు. వాడు కిటికీ దగ్గర నిలబడి పలకరించినా నువ్వు ఆ ఛాయలకి పోకు," అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పాను.

అక్క పాపం బెదిరిపోయింది. "అంత మంచివాడిలా ఉంటాడే," అంది. నేను చెప్పింది ఆవిడ ఎప్పుడూ కాదనలేదు.

శుక్రవారం

ఆరోగ్య కేంద్రం నుంచి ఒకమ్మాయి గేటు దగ్గరికి వచ్చింది. ఇల్లిల్లూ తిరుగుతున్నారట. ఇంట్లో ఎంతమంది, పెద్దవాళ్ళున్నారా, దగ్గుందా, జ్వరముందా. అన్నిటికీ టకటకా చెప్పాను. ఇక వెళ్తుందనుకుంటే, "కాఫీ వాసన తెలుస్తోందాండీ?" అని అడిగింది.

మా ఇంటి కాఫీ గొడవ ఆ అమ్మాయికెందుకు? ఎవరు చెప్పారు? మా ఆవిడ పెరటి గోడ దగ్గర ఎవరితోనో మాట్లాడుతుంటే మొన్న విన్నాను.

"ఎందుకు అడుగుతున్నారు?" అన్నాను.

"వాసన, రుచి పోవడం కూడా లక్షణమేనండీ. జ్వరం లేకపోయినా రావచ్చు. మైకులో కూడా చెబుతున్నాం కదా, వినలేదా?"

"తెలుస్తోంది. బ్రహ్మాండంగా తెలుస్తోంది. నేను సెంటు కలిపేవాణ్ణమ్మా, నన్నా ఈ ప్రశ్న అడిగేది?"

నవ్వేసి రాసుకుంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో మా ఆవిడ. నా మొహంలోకి అలాగే చూస్తూ నిలబడింది.

కొత్తది కనిపెట్టారన్నమాట. దగ్గు లేనివాళ్ళని కూడా లాక్కెళ్ళడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

శనివారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని పాత పేపరు చదువుతున్నాను. మా ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి, చూస్తూ ఉండమని చెప్పి, పెరట్లో బట్టలు ఆరేయడానికి వెళ్ళింది. నా వీపు పొయ్యి వైపు ఉంది. చేయి చాపితే అందే దూరం. కాసేపటికి మేడ మీద దబదబా అడుగుల చప్పుడు, మెట్ల మీద చప్పుడు, తర్వాత తలుపు విరిగిపోయేలా బాదుడు.

"అన్నా! అన్నా! ఏదో మాడుతోంది! లోపల ఎవరైనా ఉన్నారా?"

తీగ. మాస్కు లేదు, పరుగున వచ్చినట్టున్నాడు. నేను తలుపు తీసి, "దూరం! దూరం!" అని అరిచాను. "మాస్కు లేకుండా మా ఇంటిమీదికి వస్తావా? లోపల అక్క ఉందని తెలియదా?"

అతను నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. తిరిగి చూశాను. గిన్నె నల్లగా అయిపోయింది. వంటింటి నిండా పొగ, పై కప్పు కనపడటం లేదు. మా ఆవిడ తడిబట్టతో పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. తీగ మెట్ల దగ్గర నిలబడి దగ్గుతున్నాడు. నేనొక్కణ్ణే హాయిగా నిలబడి ఉన్నాను.

"మీకు వాసన రాలేదా?" అంది మా ఆవిడ.

పేపరులో పడి గమనించలేదన్నాను.

"మేడ మీద అతనికి వచ్చింది. పెరట్లో నాకు వచ్చింది. పక్కనే కూర్చున్న మీకు రాలేదా?"

మనసు ఎక్కడో ఉంటే ముక్కు మాత్రం ఏం చేస్తుంది? ఎవరికైనా జరిగేదే. ఆవిడ గిన్నె తోముతూ కూర్చుంది, తోమిన చోటే తోముతూ. నాకు చెప్పకుండా ఏదో అనుకుంటోంది. వాళ్ళిద్దరి మధ్యా ఏదో చూపు నడిచింది, నేను చూశాను.

ఆదివారం

జలుబు. ముక్కు దిబ్బడ. అంతే.

ఆదివారం, మధ్యాహ్నం

దిబ్బడ కూడా లేదు. గాలి ధారాళంగా ఆడుతోంది.

బీరువాలో నా సొంత సీసాలున్నాయి. నిమ్మ, గులాబీ, చందనం, లవంగం. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే మూత తీశాను. ఏదీ ఏదో తెలియలేదు. ఎవరో మార్చేశారని మొదట అనుకున్నాను. బీరువా తాళం నా మొలతాడుకే ఉంది. మా ఆవిడ నేను స్నానం చేసేటప్పుడు తీసి ఉండచ్చు. అలా ఎందుకు చేస్తుంది? నన్ను పిచ్చివాణ్ణి చెయ్యడానికి.

ఇలా రాసి, మళ్ళీ చదువుకుని, నాకే సిగ్గేసింది.

లవంగం సీసాలో వేలు ముంచి నాలుక మీద రాసుకున్నాను. మంట తెలిసింది. లవంగం తెలియలేదు.

సాయంత్రం అక్క పేకముక్కలు కలుపుతూ నాకోసం చూసింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి తల నొప్పిగా ఉందని చెప్పాను. నిన్న ఆడాను. మొన్న ఆడాను.

సోమవారం

పనికి వెళ్ళలేదు. స్కూలు బిల్డింగుకీ వెళ్ళలేదు. వెళ్తే, ఉందని తేలితే, కార్ఖానా మూసేస్తారు. ముక్కు పోయిన ముక్కుగారిని ఎవరు ఉంచుకుంటారు? అది ఒక్కటే కాదు. ఉందని తేలితే, అది ఎప్పటినుంచి ఉన్నట్టు? గులాబీ డబ్బా విప్పినరోజు నుంచా? ఆ రోజు కూడా అక్క మంచం మీదే కూర్చున్నాను.

మా ఆవిడ పొద్దుటినుంచీ మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. మేడ మీద సామాను జరుపుతున్న చప్పుడు. తర్వాత తీగ చంకలో పరుపు చుట్ట పెట్టుకుని దిగి వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను. ఆ వెనకే మా ఆవిడ మాస్కు కట్టుకుని, అక్కకి కూడా కట్టి, చేయి పట్టుకుని మెట్లెక్కించింది.

నేను పడకగది లోపలినుంచే అరిచాను. "ఎక్కడికి తీసుకెళ్తున్నావు? వాడి గదిలోకా?"

అక్కని పైన ఉంచి వచ్చాక గుమ్మానికి అవతల నిలబడి చెప్పింది. "మేడ అంతా కడిగించాను. కిటికీలన్నీ తెరిచాను. వదిన ఒక గదిలో, నేను ఒక గదిలో. అతను గోదాంలో పడుకుంటాడు, ఓనరుని అడిగాడు. నేను అడగలేదండీ, అతనే వచ్చి ఖాళీ చేస్తానన్నాడు."

"ఎందుకు? వాడికేం అవసరం?"

"ఇప్పటికైనా ఆ 'ఎందుకు'లు ఆపండి. వెళ్ళి పరీక్ష చేయించుకోండి."

"అక్క ఏమంది?"

"అతను పడుకున్న మంచం మీద పడుకోనని ఏడిచింది. అతనికి రోగం ఉందని మీరే చెప్పారట. లేదని నేను ఎంత చెప్పినా వినదు. కాగితం మీద రాసిచ్చినా నమ్మలేదు. తమ్ముడు చెప్పాడు అంటుంది. ఆవిడకి మీరే చెప్పండి. అది నేను చెప్పే మాట కాదు."

చెబుతాను. పరీక్ష కానివ్వు. ఏ సంగతీ తేలకుండా ఏం చెప్పాలి?

మంగళవారం

స్కూలు బిల్డింగు. నేలమీద గీసిన గుండ్రాల్లో నిలబడి నిలబడి కాళ్ళు పడిపోయాయి. మాస్కూ కళ్ళద్దాల వెనక కూర్చున్న అమ్మాయి, "తల పైకెత్తండి, ముక్కు వదులుగా పెట్టండి," అంది. పుల్ల లోపలికంటా పోయి తిరిగింది. కళ్ళలో నీళ్ళు ధారగా కారాయి. ఆ అమ్మాయి అది పుల్ల వల్లే అనుకుంది. "అయిపోయిందండీ, అంతే," అని ఓదార్చింది. ఫలితం వచ్చేదాకా ఒక గదిలోనే ఉండాలని, ఎవరినీ కలవకూడదని, గాలి ఆడనివ్వమని చెప్పింది.

ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చున్నాను. కిటికీ సందులో గుడ్డలు తీసేశాను. ఇప్పుడు తీసి ఏం లాభం?

బుధవారం

ఉంది.

బుధవారం, సాయంత్రం

గేటు దగ్గరికి వచ్చిన అమ్మాయే ఫోను చేసింది. గొంతు గుర్తుపట్టాను. నా కాఫీ సంగతి ఆమెకి గుర్తుందో లేదో, ఎత్తలేదు.

"ఈ మధ్య మాస్కు లేకుండా, దగ్గరగా, కాసేపు ఎవరితో గడిపారో చెప్పండి. కార్ఖానాలో?"

"లేదు. అక్కడ గీతలున్నాయి."

"పైవాటా ఆయనతో?"

"లేదు. ఆయన్ని నేను దగ్గరికి రానివ్వలేదు."

"మీ భార్యతో?"

"ఆవిడ వేరే పడుకుంటోంది. నాకు దూరంగానే వడ్డిస్తోంది. నేను పెట్టిన రూలే."

"అయితే ఎవరూ లేరన్నమాట?"

 లైను కట్టయిందనుకుందేమో, హలో హలో అంది. అక్కతో అన్నాను. రోజూ అన్నాను. ఎంత దగ్గరగా అని అడిగింది. పేకాడేంత దగ్గరగా అన్నాను.

లోకంలో ఎవరినీ ఆ గడప తొక్కనివ్వలేదు. తొక్కింది నేనొక్కణ్ణే.

గురువారం

ఆరోగ్య కేంద్రం వాళ్ళు ఇంటికొచ్చి అందరికీ పరీక్ష చేసి వెళ్ళారు. మా ఆవిడ కిటికీ బయటనుంచి అడిగింది.

"చెబుతారా ఇవాళ? వదిన మెట్ల దగ్గరికి వస్తుంది, మీరు కిటికీలోంచే చెప్పచ్చు."

రేపు, ఫలితం చూసి, అన్నాను. ఏమో, తీగకి మొదట్లో ఉండి, పుల్ల సరిగా పెట్టకపోవడం వల్ల పట్టుబడలేదేమో. అతని నుంచి నాకు, నా నుంచి అక్కకి. అలా అయినా అయి ఉండచ్చు కదా. తేలకుండానే తల దించుకోవడం ఎందుకు?

శుక్రవారం

తీగకి లేదు. ఇది రెండోసారి. మా ఆవిడకి లేదు. కార్ఖానాలో ఎవరికీ లేదు. అక్కకి ఉంది.

జ్వరం మొదలైందట. వేలికి పెట్టే మిషను అంకెలు తగ్గుతున్నాయట. మా ఆవిడ ఆ మాట చెబుతూ కిటికీ చువ్వ పట్టుకుంది. నేనూ చువ్వ పట్టుకోబోయి, చేయి వెనక్కి తీసుకున్నాను. అక్క నన్ను అడుగుతోందట. "వాడి గదిలో పడుకోబెట్టారు, అందుకే వచ్చింది నాకు," అంటోందట.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.

శనివారం

ఇది రాయకుండా పడుకోలేను.

పొద్దున అంబులెన్సు వచ్చింది. డ్రైవరు, ఇంకొకతను. స్ట్రెచరు ఆ మెట్ల మలుపులో తిరగదు. కుర్చీలో కూర్చోబెట్టి దింపాలి. కుర్చీని ఇద్దరు మోస్తారు, ఆక్సిజన్ సిలిండర్ మా ఆవిడ పట్టుకుంటుంది. పక్కకి ఒరిగిపోతున్న మనిషిని పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. కబురందుకుని తీగ గోదాం నుంచి పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ తొడుగు వేసుకుని మెట్లెక్కాడు. వద్దని అనేవాళ్ళు లేరు, నేను తప్ప. నేను గదిలో ఉన్నాను.

అన్నీ కిటికీలోంచి కనపడుతున్నాయి. మొదటి మలుపు దాకా అక్క కళ్ళు మూసుకునే ఉంది. అక్కడ తీగ ఆవిడ భుజం మీద చేయి వేశాడు. అక్క కళ్ళు తెరిచి అతన్ని చూసింది. ముసుగులో ఉన్నా ఆ సన్నటి ఒళ్ళు ఎవరు పోల్చుకోరు? ఒక్కసారిగా రెండు చేతులతో కమ్మీని పట్టేసుకుంది.

"నువ్వు ముట్టుకోకు! నీవల్లే! నీవల్లే ఇదంతా!"

అరవడానికి ఆవిడకి ఊపిరి లేదు. ఉన్న కాస్త ఊపిరీ దానికే ఖర్చు పెడుతోంది. డ్రైవరు, "అమ్మా, వదలండమ్మా, టైము లేదు," అని బతిమాలుతున్నాడు. అందరి నోళ్ళకీ మాస్కులు. వాళ్ళ మాట ఒక్కటి కూడా ఆవిడకి చేరదు. మా ఆవిడ వేళ్ళు విడదీయబోతే ఇంకా గట్టిగా బిగించింది. ఆక్సిజన్ మాస్కు వెనక పెదవులు నీలంగా మారడం నాకు ఇక్కడినుంచే కనపడింది. తీగ చేతులు తీసేసి, గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు. అతని కళ్ళలో నీళ్ళు.

అక్కని దింపుతారని మూసి ఉంచిన కిటికీ అద్దం మీద అరచేతులతో బాదాను. అద్దం అదరడం చూసి మా ఆవిడ తిరిగింది, అక్క మొహం పట్టుకుని నావైపు తిప్పింది. గదిలో నేనొక్కణ్ణే, నాకు మాస్కు లేదు. ఆ మెట్ల మీదా, ఈ ఇంట్లోనూ ఆవిడకి అర్థమయ్యే నోరు ఇప్పుడు ఒక్కటే ఉంది.

"అక్కా. అతను కాదు. అతనికి లేదు."

అక్క తల అడ్డంగా ఊపింది.

"నేనే. నాకుంది. నా నుంచే నీకు వచ్చింది. అతని గురించి నేను నీకు అబద్ధం చెప్పాను. నేనే అక్కా."

ఒక్కో మాటకీ ఆగి చెప్పాను. గొంతు బయటికి వచ్చిందో లేదో నాకు తెలియదు, ఆవిడకి దానితో పని లేదు. అక్క నా నోటివైపే చూస్తోంది. అయిపోయాక కూడా కాసేపు చూసింది, ఇంకేమైనా ఉందేమోనని. ఇంకేముంది?

కమ్మీ మీద వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. చేయి చాపింది. తీగ ముందు అర్థం చేసుకోలేదు. మా ఆవిడ తోస్తే ముందుకొచ్చి వంగాడు. అక్క అతని మెడ చుట్టూ చేయి వేసింది, తల అతని భుజం మీద పెట్టింది. అలాగే దింపారు, అలాగే బండిలో ఎక్కించారు. దారంతా అక్క మొహం అతని భుజం వైపే ఉంది, నావైపు తిరగలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఆక్సిజన్ మీద పెట్టారు, ప్రస్తుతానికి నిలకడగా ఉందన్నారు. ఇంకేమీ ఇప్పుడే చెప్పలేమన్నారు.

సాయంత్రం మా ఆవిడ కిటికీ దగ్గరికి వచ్చి కూర్చుంది, బయట మెట్టు మీద.

"బండి ఎక్కేముందు వదిన మాస్కు పక్కకి లాగి అతనితో ఏదో అంది. మీరు చూశారా?"

"చూశాను. ఏమంది?"

"నన్ను క్షమించు బాబూ అంది."

"నా గురించి?"

కొంగుతో మెట్టు మీది దుమ్ము తుడిచింది. "మీ గురించి ఏమీ అనలేదండీ," అంది.

ఏదో అనే ఉంటుంది, నేను బాధపడతానని ఈవిడ దాస్తోంది అనుకున్నాను. మొహంలోకి తేరిపార చూశాను. దాచడం లేదు. అక్క నిజంగానే ఏమీ అనలేదు. మా ఆవిడ మాట నమ్మాను.